ఆకు తెగులు ఇచ్చిన ఇటుకలు

అలసంద ఆకుల మీద పచ్చ పసుపు మచ్చలు తెచ్చే వైరస్ ఒకటి ఉంది. పేరు కౌపీ (అలసంద) మొజాయిక్ వైరస్. అది సోకిన ఆకులను కోసి, నూరి, రసం తీసి శుద్ధి చేస్తే కిలో ఆకుల నుంచి దాదాపు గ్రాము వైరస్ చేతికొస్తుంది. ఆ గ్రాములోని కోటానుకోట్ల కణాల్లో ప్రతి ఒక్కటీ సుమారు 30 నానోమీటర్ల గుండ్రని గుల్ల. ప్రతి గుల్లలోనూ రెండు రకాల ప్రోటీన్లు, రకానికి 60 చొప్పున, అణువు అణువూ ఒకే వరసలో అమరి ఉంటాయి. ప్రయోగశాలలో రసాయనాలు కలిపి చేసే బంగారు, సిలికా నానోకణాలు ఎంత జాగ్రత్త పడినా పరిమాణంలో కొంత అటూ ఇటూ అవుతాయి. అలసంద మొక్క మాత్రం కాస్త ఎండ, నీరు, ఎరువు తీసుకుని ఒకే కొలతతో సరుకు అందిస్తుంది.

ఈ కచ్చితత్వమే మూడు దశాబ్దాలుగా రసాయన శాస్త్రవేత్తలనూ ఇంజనీర్లనూ డాక్టర్లనూ మొక్కల వైరస్‌ల వైపు లాగుతోంది. రైతుకు నష్టం తెచ్చే ఈ కణాలను తీగలుగా, పెట్టెలుగా, అచ్చులుగా, మందు మోసే బండ్లుగా మలచవచ్చా అన్నది వారి ప్రశ్న. ఇప్పటిదాకా జరిగిన పనినంతా ఒకచోట పెట్టి చూస్తే ఒక ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. వైరస్‌ను ప్రాణంలేని చట్రంగా వాడుకున్న చోట అందమైన ప్రయోగాలు వచ్చాయి, కానీ అవి చాలావరకు ప్రయోగశాల గడప దాటలేదు. వైరస్‌ను వైరస్‌గానే, అంటే శరీరం గుర్తుపట్టే వస్తువుగా, మట్టిలో చెదరకుండా కదిలే కణంగా, తనను తానే కట్టుకునే యంత్రాంగంగా వాడుకున్న చోట ఫలితాలు నిజమైన అవసరాల దగ్గరికి చేరాయి.

అసలు వైరస్ అనే వస్తువు ఉందని మనిషికి తెలిసిందే పొగాకు ఆకు వల్ల. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో పనిచేసిన అడాల్ఫ్ మేయర్ పొగాకు మొజాయిక్ తెగులును 1886లో వర్ణించాడు. బ్యాక్టీరియాను ఆపేసే వడపోత గుండా కూడా ఈ తెగులు రసం దాటిపోతోందని 1892లో రష్యాకు చెందిన దిమిత్రీ ఇవనోవ్‌స్కీ చూపాడు. ఇది బ్యాక్టీరియా కాదు, కొత్త తరహా అంటుకారకం అని 1898లో మార్టినస్ బైయరింక్ తేల్చాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ ఆ వైరస్‌ను ఉప్పులా స్ఫటికంగా మార్చి సీసాలో పెట్టాడు. జబ్బు తెచ్చే జీవపదార్థం స్ఫటికం కాగలదన్న మాట ఆనాటి శాస్త్రలోకాన్ని కుదిపేసింది. ఆ పనికి 1946లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. స్టాన్లీ అనుకున్నట్టు ఆ వైరస్ ఒట్టి ప్రోటీన్ కాదని, లోపల ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని 1936లోనే ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీలు సరిదిద్దారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మనిషి కంటికి మొట్టమొదట కనిపించిన వైరస్‌లలో కూడా ఇది ఒకటి, 1939లో.

నిర్మాణం తేలడానికి ఇంకొంత కాలం పట్టింది. 1950లలో లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రేలతో పొగాకు వైరస్ లోపలి అమరికను బయటపెట్టింది. 1958లో ఆమె అకాలంగా మరణించాక ఆ పనిని ఆరన్ క్లూగ్ ముందుకు తీసుకెళ్ళాడు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. వారి కృషి వల్ల ఈ రోజు మనకు తెలిసిన లెక్క ఇది: పొగాకు మొజాయిక్ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న బిరుసు కడ్డీ. 2,130 ప్రోటీన్లు మెలికల మేడమెట్లలా ఒకదాని మీదొకటి పేరుకుంటూ పోతాయి. మధ్యలో 4 నానోమీటర్ల వెడల్పున ఈ చివరి నుంచి ఆ చివరికి బోలు సొరంగం. ఒక్కో ప్రోటీన్‌లో 158 అమైనో ఆమ్లాలు. ఆ మెలికల నడుమ గాడిలో సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఇమిడి ఉంటుంది.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోగం 1955 నాటిది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హైన్జ్ ఫ్రెంకెల్-కాన్రాట్, రాబ్లీ విలియమ్స్ ఈ వైరస్‌ను ప్రోటీన్‌గా, ఆర్‌ఎన్‌ఏగా విడగొట్టారు. రెండూ వేరువేరు గొట్టాల్లో ఉన్నప్పుడు వాటికి జబ్బు తెచ్చే శక్తి దాదాపు లేదు. తగిన ద్రావణంలో తిరిగి కలిపితే, బయటి నుంచి ఎవరూ పేర్చకుండానే మళ్ళీ కడ్డీలు తయారయ్యాయి, మళ్ళీ పొగాకు ఆకులకు తెగులు తెచ్చాయి. కట్టుబడి పద్ధతి అంతా ముక్కల్లోనే ఉందని అలా రుజువైంది. ఇప్పుడు నానో శాస్త్రవేత్తలు చేస్తున్న పనికి పునాది అదే. ఆర్‌ఎన్‌ఏ పొడవు తగ్గిస్తే కడ్డీ పొడవూ తగ్గుతుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో క్రిస్టీనా వెగే బృందం ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తగినట్టు అమర్చి వంపు తిరిగిన కడ్డీలను, కొమ్మలు వేసిన నక్షత్రాల్లాంటి రూపాలను సైతం పెంచింది. మాస్కోలో ఆతబేకోవ్ బృందం ఇదే వైరస్‌ను 94 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేసి కడ్డీలను ప్రోటీన్ గోళాలుగా మార్చింది.

కడ్డీ ఒక రకమైతే, గోళం ఇంకో రకం. అలసంద వైరస్‌లూ, బ్రోమ్ గడ్డి వైరస్‌లూ ఇరవై ముఖాల సౌష్ఠవంతో గుండ్రంగా ఉంటాయి. ఇంత చిన్న గుల్లను ఒకే రకం ప్రోటీన్‌తో ప్రకృతి ఎలా కడుతుందో 1962లో కాస్పర్, క్లూగ్‌లు సిద్ధాంతీకరించారు. మూడో రకం పొటాటో వైరస్ ఎక్స్ లాంటిది. సుమారు 515 నానోమీటర్ల పొడవున్న ఈ కణం బిరుసుగా నిలవదు, దారంలా వంగుతుంది. ఇంజనీరుకు కావలసిన కడ్డీ, డబ్బా, దారం మూడూ పొలంలోనే దొరుకుతున్నాయన్నమాట.

వీటిని వాడే దారులు కూడా మూడే. బయట తగిలించడం మొదటిది. 2002లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఎమ్.జి.ఫిన్, జాక్ జాన్సన్ బృందాలు అలసంద మొజాయిక్ వైరస్ ఉపరితలాన్ని చిరునామాలున్న పటంగా చూశాయి. ఒక్కో కణం మీద రసాయనాలు పట్టుకోగల లైసీన్ స్థానాలు 300 వరకు ఉన్నాయి. ఏ స్థానం ఎక్కడుందో అణువు స్థాయిలో తెలుసు కాబట్టి రంగులు, చక్కెరలు, లోహ కణాలు, మందులు లెక్కపెట్టి అంటించవచ్చు. చాలకపోతే వైరస్ జన్యువును సవరించి సిస్టీన్ లాంటి కొత్త కొక్కేన్ని కోరిన చోట మొలిపించవచ్చు. కర్బన రసాయన శాస్త్రానికి అలవాటైన పద్ధతులన్నీ అలా ఒక వైరస్ మీదికి వచ్చి చేరాయి.

రెండోది లోపల నింపడం. అలసందకే సోకే మరో వైరస్, కౌపీ క్లోరోటిక్ మాటిల్ వైరస్, 180 ప్రోటీన్ల గుల్ల. కాల్షియం తీసేసి ఆమ్లత తగ్గించి పిహెచ్ 6.5 దాటిస్తే ఈ గుల్ల ఉబ్బి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఆమ్లత పెంచితే మూసుకుంటాయి. 1998లో ట్రెవర్ డగ్లస్, మార్క్ యంగ్ ఈ తలుపును వాడుకుని ఖాళీ గుల్ల లోపల టంగ్‌స్టన్ లవణాన్ని స్ఫటికంగా పెంచి చూపారు. గుల్ల ఎంత ఉందో స్ఫటికం అంతకే ఆగిపోయింది. ఆ తర్వాత ఇండియానాలో బోగ్డాన్ డ్రాగ్నియా బృందం బ్రోమ్ మొజాయిక్ వైరస్ ప్రోటీన్లను బంగారు కణం చుట్టూ గుల్లగా కట్టించింది. నార్త్ కరొలైనాలో రెడ్ క్లోవర్ నెక్రోటిక్ మొజాయిక్ వైరస్ గుల్లను కాల్షియం, మెగ్నీషియం తీసేసి తెరిచి, డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు నింపి మూశారు.

మూడోది వైరస్‌ను అచ్చుగా పెట్టుకోవడం. 1999లో ఇంగ్లండ్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి పొగాకు వైరస్ కడ్డీల మీద ఇనుప ఆక్సైడ్, సిలికా లాంటి ఖనిజాలు పేరుకునేలా చేసి నానో గొట్టాలు తయారుచేశారు. 2003లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో దాని బోలు సొరంగంలోనే నికెల్, కోబాల్ట్ పెంచి 3 నానోమీటర్ల మందం తీగలు తీశారు. అంత సన్నని లోహపు తీగను చెక్కి చేయడం ఆ రోజుల్లో ఊహకందని పని.

ఈ మూడో దారే ఎలక్ట్రానిక్స్ వైపు ఎన్నో ఆశలు పెంచింది. 2006లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం పొగాకు వైరస్‌కు ప్లాటినం నానోకణాలు అతికించి, రెండు విద్యుత్ స్థితుల మధ్య మారే మెమరీ పరికరాన్ని చేసింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కల్వర్, రెజా ఘోడ్సీ బృందాలు బ్యాటరీల మీద పడ్డాయి. వైరస్ ప్రోటీన్‌లో సిస్టీన్ చేర్చితే అందులోని గంధకం లోహాన్ని పట్టుకుంటుంది. దాంతో కడ్డీలు బంగారు పలక మీద పైకి లేచి నిలబడతాయి. వాటికి నికెల్ పూత, దాని మీద సిలికాన్ పూత వేస్తే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగిన ఎలక్ట్రోడ్ సిద్ధం. 2010లో వారు ప్రకటించిన సిలికాన్ ఆనోడ్ గ్రాముకు 3,300 మిల్లీ ఆంపియర్ గంటల దాకా విద్యుత్తు నిలవ చేసింది. మామూలు లిథియం బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్‌కు సైద్ధాంతిక గరిష్ఠం 372 మాత్రమే.

మరి మన ఫోన్లలో పొగాకు వైరస్ ఎందుకు లేదు? ఆ వైరస్ అర్ధ శతాబ్దం కిందటి ఎండుటాకుల్లోనూ చెడకుండా నిలవగలదు, 60 డిగ్రీల వేడినీ ఓర్చుకుంటుంది. కాబట్టి నాజూకుదనం కారణం కాదు. బ్యాటరీ కర్మాగారానికి కావలసింది టన్నుల లెక్కన సరుకు, మైళ్ళ పొడవున రేకు మీద నిమిషాల్లో పూత. కడ్డీని నిలబెట్టడం, నికెల్ వేయడం, సిలికాన్ వేయడం ఒక్కోటీ విడి మెట్టు, మెట్టు మెట్టుకూ ఖర్చు. అదే సమయంలో సిలికాన్‌ను కార్బన్‌తో కలిపే మామూలు పద్ధతులు చౌకగా మెరుగుపడుతూ వచ్చాయి. పైగా ఇక్కడ వైరస్ చేసిన పనల్లా ఆకారం ఇవ్వడమే. ఆకారం ఇచ్చే వస్తువులు చాలా ఉన్నాయి. వాటిలో చవకైనది గెలుస్తుంది.

వైద్యంలో కథ వేరే దారి పట్టింది. మొదట అక్కడా వైరస్‌ను బండిగానే చూశారు. మందు నింపు, రక్తంలోకి వదులు, కణితి దగ్గరికి చేరనీ. కణం ఆకారం ప్రయాణాన్ని మారుస్తుందని ఈ పనిలోనే తెలిసింది. ఎలుకల్లో దారంలాంటి పొటాటో వైరస్ ఎక్స్ గుండ్రని అలసంద వైరస్ కంటే కణితుల్లోకి మెరుగ్గా చొచ్చుకుపోయింది. 2016లో పొగాకు వైరస్ సొరంగంలో ఫెనాంత్రిప్లాటిన్ అనే ప్లాటినం మందును దాచి ఎలుకల్లోని రొమ్ము క్యాన్సర్ మీద ప్రయోగించారు. సొరంగం లోపలి గోడకు రుణావేశం, మందుకు ధనావేశం. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండి, ఆమ్లత ఉన్న చోట మందు వదులవుతుంది.

అయితే బండికి ఒక అడ్డంకి ఎదురైంది. శరీరం వైరస్‌ను వైరస్‌లాగే చూస్తుంది. రోగనిరోధక కణాలు పట్టి మింగేస్తాయి, యాంటీబాడీలు పుడతాయి, రెండో మోతాదు దారిలోనే ఆగిపోవచ్చు. అందుకని పరిశోధకులు పాలిమర్ తొడుగులు వేశారు, రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌ను పైన కప్పి మభ్యపెట్టారు. కొంత ఫలితం కనిపించింది. ఇదంతా వైరస్ స్వభావాన్ని దాచిపెట్టే ప్రయత్నం.

స్వభావాన్ని దాచకుండా వాడుకున్న తొలి ఉదాహరణ టీకాలది. 1997లో అలసంద మొజాయిక్ వైరస్ ఉపరితలం మీద మింక్ జంతువుల పేగు వైరస్ తాలూకు చిన్న ప్రోటీన్ ముక్కను మొలిపించి ఇంజెక్షన్ ఇస్తే, ఆ జంతువులకు జబ్బు నుంచి రక్షణ దొరికింది. మొక్కలో తయారైన టీకా అది ఉద్దేశించిన జంతువునే కాపాడిందనడానికి తొలి రుజువుల్లో అది ఒకటి. శరీరం ఈ గుల్లను పరాయిదిగా చూడటం అక్కడ వరమైంది.

ఈ ఆలోచనను క్యాన్సర్ మీదికి మళ్ళించినవారు నికోల్ స్టైన్‌మెట్జ్, స్టీవెన్ ఫియరింగ్. 2016లో వారి బృందాలు ఒక సాహసమైన పరీక్ష ఫలితాలు ప్రచురించాయి. మందేదీ నింపని ఖాళీ అలసంద వైరస్ గుల్లలను ఊపిరితిత్తుల్లో మెలనోమా వ్యాపించిన ఎలుకలకు శ్వాసతో లోపలికి పంపారు. కణితులు తగ్గాయి. చర్మం, పెద్దపేగు, అండాశయం, రొమ్ము కణితుల నమూనాల్లోనూ ప్రభావం కనిపించింది. క్యాన్సర్ కణితి తన చుట్టూ రోగనిరోధక వ్యవస్థను జోకొట్టి ఉంచుతుంది. కణితిలోకి నేరుగా వెళ్ళిన వైరస్ ఆ నిద్ర చెడగొడుతుంది. గుల్లను టిఎల్‌ఆర్ 2, 4 అనే గ్రాహకాలు గుర్తుపడతాయి; లోపల ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణమైతే ఆ ఆర్‌ఎన్‌ఏను టిఎల్‌ఆర్ 7 కూడా గుర్తుపడుతుంది. ఇంటర్‌ఫెరాన్లు విడుదలవుతాయి, న్యూట్రోఫిల్ కణాలు చేరుకుంటాయి, ఆ హడావుడిలో టి-కణాలకు కణితి ప్రోటీన్లు కూడా పరిచయమవుతాయి. అలా ఒకచోట ఇచ్చిన ఇంజెక్షన్ దూరాన ఉన్న కణితుల మీదా పనిచేసే అవకాశం పుడుతుంది.

ఈ బలం అలసంద మొజాయిక్ వైరస్‌కే ప్రత్యేకం అన్నది ఇంకా ఆసక్తికరం. దాదాపు అదే పరిమాణం ఉన్న కౌపీ క్లోరోటిక్ మాటిల్ వైరస్‌ను పక్కన పెట్టి పోల్చారు. రెంటినీ రోగనిరోధక కణాలు ఒకేలా మింగాయి. కానీ మొజాయిక్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ టిఎల్‌ఆర్ 7 ఉండే చోటికి చేరింది, రెండోది చేరలేదు. క్యాన్సర్‌ను అదుపు చేసింది మొదటిదే. పరిమాణం, ఆకారం సరిపోతే చాలనుకునే ఇంజనీరు లెక్క ఇక్కడ చాలదు. ఆ వైరస్ జీవశాస్త్రం తెలియాలి.

పెంపుడు కుక్కల్లో సహజంగా వచ్చిన క్యాన్సర్లలో కూడా ఈ చికిత్సను చూశారు. అమెరికాలో డార్ట్‌మత్ బృందం నోటి మెలనోమా ఉన్న కుక్కలకు రేడియేషన్‌తో కలిపి ఇచ్చింది. మాడ్రిడ్‌లో చాలా ఉధృతంగా సాగే రొమ్ము క్యాన్సర్‌లో కణితుల్లోకి ఇచ్చారు, అవి కుంచించుకుపోయాయి. ప్రయోగశాల ఎలుక కంటే కుక్క జబ్బు మనిషి జబ్బుకు చాలా దగ్గర. అందుకే ఈ ఫలితాలకు విలువ ఎక్కువ. అయినా రోగుల సంఖ్య తక్కువ. మనుషుల్లో ఏ మోతాదు, ఎన్నిసార్లు, ఏ మందుతో జతగా అన్నది పద్ధతిగా జరిగే మానవ పరీక్షలే తేల్చాలి.

కోవిడ్ రోజుల్లో వెలుగులోకి వచ్చిన మరో ఉపయోగానికి ఇంత హంగు లేదు, కానీ ఎంతో అక్కరకొచ్చేది. ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నమ్మదగిన నమూనా కావాలి. విడి ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడైపోతుంది, అసలు వైరస్ ప్రమాదం. కరోనా ఆర్‌ఎన్‌ఏ ముక్కను అలసంద వైరస్ గుల్లలో దాచితే రెండు ఇబ్బందులూ పోతాయని 2021లో స్టైన్‌మెట్జ్ బృందం చూపింది.

వ్యవసాయంలో ఈ వైరస్‌లు మళ్ళీ పొలానికే తిరిగొస్తున్నాయి, ఈసారి పంట పక్షాన. వేర్లలో బుడిపెలు కట్టే నులిపురుగులకు మందు చల్లితే అది పైమట్టిలోని సేంద్రియ పదార్థానికి అంటుకుపోతుంది. వేరు లోతుకు చేరదు. చేరాలని మోతాదు పెంచితే మిగిలినది నీటిలోకి పోతుంది. టొబాకో మైల్డ్ గ్రీన్ మొజాయిక్ వైరస్ మట్టి కణాలకు అంతగా అంటకుండా కిందికి దిగుతుందని, సిలికా, పాలిమర్ నానోకణాల కంటే మేలుగా కదులుతుందని 2019లో కాలిఫోర్నియాలో మట్టి స్తంభాలతో చేసిన ప్రయోగాలు చూపాయి. అంతకుముందే నార్త్ కరొలైనాలో అబామెక్టిన్ మందును రెడ్ క్లోవర్ వైరస్ గుల్లలో పెట్టి నులిపురుగుల మీద వాడి చూశారు. ఈ రంగంలో ప్రభుత్వ అనుమతి వరకు వెళ్ళిన ఉత్పత్తి ఒకటుంది. ఫ్లోరిడా పచ్చిక బయళ్ళను ఆక్రమించే ట్రాపికల్ సోడా ఆపిల్ అనే ముళ్ళ కలుపును చంపడానికి ఇదే మైల్డ్ గ్రీన్ వైరస్‌ను సాల్వినిక్స్ పేరుతో వాడేందుకు అమెరికా పర్యావరణ సంస్థ 2014లో అనుమతించింది.

ఈ సమీక్షలో తిరుపతి పేరు రావడం మర్యాద కోసం కాదు. తిరుపతి పరిసరాల్లోని అవిసె చెట్ల నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు శ్రీనివాసులు, నాయుడు ఒక వైరస్‌ను వేరుచేసి 1982లో వివరించారు. అదే సెస్బేనియా మొజాయిక్ వైరస్. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎమ్.ఆర్.ఎన్.మూర్తి బృందం దాని నిర్మాణాన్ని 3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో 1995లో ప్రచురించింది. అక్కడే హెచ్.ఎస్.సావిత్రి బృందం దాని ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేసి, మొదటి భాగాన్ని కత్తిరిస్తే 180 ప్రోటీన్ల గుల్లకు బదులు 60 ప్రోటీన్ల చిన్న గుల్ల ఏర్పడుతుందని చూపింది. 2016లో ఆ బృందమే గుల్ల మీద యాంటీబాడీలను పట్టుకునే భాగాన్ని మొలిపించి, వాటిని జీవకణాల లోపలికి మోసుకెళ్ళేలా చేసింది. యాంటీబాడీలు మామూలుగా కణం పొర దాటలేవు. ఆ పొర దాటించే బండి అవిసె ఆకుల నుంచి వచ్చింది.

బెంగళూరులో లోతుగా అధ్యయనం చేసిన ఫిసాలిస్ మాటిల్ వైరస్‌దీ ఇలాంటి కథే. తిరుపతి వైరాలజీ విభాగానికి చెందిన హేమ మాసారపు, స్టైన్‌మెట్జ్ బృందంతో కలిసి 2017లో ఈ గుల్లలను మందులు, స్కానింగ్ రంగులు మోసే పాత్రలుగా వివరించారు. వీటిని బ్యాక్టీరియాలో పెంచుతారు, లోపల వైరస్ జన్యువు ఉండదు. కాబట్టి ఏ మొక్కకూ సోకవు.

సోకడం గురించిన భయం మాత్రం న్యాయమైనదే. మొక్కల వైరస్‌లు మనిషి కణాల్లో పెరగవు. మిరప జాతి పంటలకు సోకే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ ఆరోగ్యవంతుల మలంలోనే విస్తారంగా ఉందని 2006లో తేలింది. మిరప తినే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి వైరస్‌లు రోజూ కడుపులోకి పోతూనే ఉన్నాయి. ప్రమాదం మనిషికంటే పంటకే ఎక్కువ. 2000లో అనంతపురం జిల్లా వేరుశెనగ చేలను టొబాకో స్ట్రీక్ వైరస్ ఊడ్చేసింది. దాదాపు 2,25,000 హెక్టార్లలో నష్టం. వయ్యారిభామ పుప్పొడిలో దాగిన వైరస్‌ను తామర పురుగులు వేరుశెనగకు అంటించాయి. కలుపు మొక్క, గాలి, పురుగు కలిస్తే ఏమవుతుందో ఆ రైతులకు తెలుసు. బతికున్న వైరస్‌ను మందు బండిగా పొలంలో చల్లుదామనే ఎవరికైనా ఈ చరిత్ర ఎదుట ఉండాలి.

దీనికి సమాధానాలు ఉన్నాయి. అతినీలలోహిత కిరణాలతో, ఫార్మలిన్‌తో వైరస్ ఆర్‌ఎన్‌ఏను పనికిరాకుండా చేసి గుల్లను మాత్రం కాపాడవచ్చు. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ కేంద్రంలో జార్జ్ లొమొనొసాఫ్ బృందం ఇంకా శుభ్రమైన దారి వేసింది. అగ్రోబ్యాక్టీరియం సాయంతో నికోటియానా బెంథామియానా ఆకుల్లోకి గుల్లకు కావలసిన జన్యువులను మాత్రమే పంపితే ఆర్‌ఎన్‌ఏ లేని ఖాళీ గుల్లలే తయారవుతాయి. చికిత్సలో మాత్రం ఇక్కడొక చిక్కుంది. ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణమే రోగనిరోధక వ్యవస్థను బలంగా లేపుతుంది. కాబట్టి చెట్టుకు సోకని, కానీ శరీరం గుర్తుపట్టే కణం కావాలి. నిర్వీర్యం చేసే మోతాదును అంత జాగ్రత్తగా తూచాలి.

ఆకుల్లో మందు తయారీ పెద్ద ఎత్తున సాధ్యమేనని కెనడా కంపెనీ మెడికాగో నిరూపించింది. దాని కోవిడ్ టీకా కోవిఫెంజ్ మొక్కల వైరస్‌తో చేసింది కాదు. అయినా అదే నికోటియానా ఆకుల్లో పెంచిన వైరస్ లాంటి గుల్ల. 2022 ఫిబ్రవరిలో దానికి కెనడా అనుమతి వచ్చింది, ఏడాది తిరిగేసరికి మాతృసంస్థ కంపెనీనే మూసేసింది. పొగాకు కంపెనీ వాటా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను ఆమోదించలేదు. సాంకేతికత గెలిచినా పెట్టుబడి, నియంత్రణ, మార్కెట్ ఓడించగలవని ఈ ఉదంతం చూపింది.

ఇంత చూశాక ఎక్కడ ఆశ పెట్టుకోవాలో కొంత తేటపడుతుంది. లోహపు తీగలు, మెమరీ చిప్పులు, బ్యాటరీలు జ్ఞానాన్ని పెంచాయి. వాటి నుంచి త్వరలో సరుకు రావడం కష్టం. పరీక్షల నమూనాలు, పశువైద్యం, కణితి ఇంజెక్షన్లు, నులిపురుగు మందులు వేరే వరసలో ఉన్నాయి. అక్కడ వైరస్ తప్ప ఇంకో వస్తువు చేయలేని పని ఉంది. అక్కడ తేలాల్సినవి కూడా పరిశోధన పత్రాల్లో మెరిసే ప్రశ్నలు కావు: ఈ విడత ఆకుల నుంచి తీసిన సరుకు పోయిన విడతతో సరిగ్గా సరిపోతుందా, బ్యాక్టీరియా విషపు ఆనవాళ్ళు, పొగాకు నికోటిన్ పూర్తిగా పోయాయా, ఏడాది నిలవ ఉంటే గుల్ల చెదురుతుందా, ఎకరాకు ఖర్చు రైతు భరించగలిగేదేనా.

భారతదేశంలో నిర్మాణ శాస్త్రం ఉంది, వైరస్‌ల సేకరణ ఉంది, అలసంద పండే నేల ఉంది. తిరుపతి, బెంగళూరు ప్రయోగశాలలు మిల్లీగ్రాములలో చేసినదాన్ని మందుల నాణ్యతా ప్రమాణాలతో గ్రాములలో చేయగల ఒక మధ్యస్థాయి కేంద్రం, దాని వెంటే పశువైద్య కళాశాలల్లో పద్ధతైన పరీక్షలు మొదలైతే, ఇక్కడి శాస్త్రం ఇక్కడి జబ్బులకూ ఇక్కడి పంటలకూ పనికొచ్చేందుకు దారి పడుతుంది. ఆ కేంద్రం కోసం ఇప్పుడే గట్టిగా అడగాలి.